అప్‌డేట్: కిల్ట్ వేసుకుని ఆఫీసుకి వెళ్తున్నా

స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరాలో ఉంటున్న తెలుగువాడిని, మామూలు రోజుల్లో కిల్ట్ (ఇక్కడి మగవాళ్లు నడుముకి చుట్టుకునే, మోకాళ్ల దాకా వచ్చే కుచ్చిళ్ల బట్ట) వేసుకుంటే ఇక్కడివాళ్లు ఏమైనా అనుకుంటారా అని పోయిన నెల అడిగాను కదా. వేసేశాను, మూడు వారాలైంది. ఎవరూ తప్పు పట్టలేదు, మాటలు మాత్రం ఆగట్లేదు. బస్‌స్టాప్‌లో ఒక పెద్దాయన ఆపి, కిల్ట్ ముందు ఒకదాని మీద ఒకటి వచ్చే రెండు పొరలకీ కలిపి పిన్ను గుచ్చకూడదు, పై పొరకే పెట్టాలి అని చెప్పి, హైలాండ్స్‌లో (స్కాట్లాండ్ ఉత్తరాన కొండ ప్రాంతం) 1746లో కిల్ట్‌ని నిషేధించారని, 1782 దాకా ఎత్తెయ్యలేదని చరిత్రంతా మొదలుపెట్టాడు, ఈలోపు నా బస్సు పోయింది. లోపల ఏం వేసుకున్నావ్ అనే ప్రశ్న రోజూ ఉండేదే (డ్రాయరే, ఇక్కడి గాలి సంగతి తెలుసుగా). బరువు మాత్రం ఊహించలేదు, 8 గజాల ఉన్ని మరి. జేబుల్లేవు, ఫోన్ ముందు వేలాడే స్పోరన్ సంచిలోనే. అమ్మకి వీడియో కాల్‌లో చూపిస్తే, "లుంగీకి కుచ్చిళ్లు వెనక పెట్టారేంట్రా?" అంది.