ధ్రువాల మబ్బుల లెక్క: గడి చిన్నదైతే చాలుతుందా?

పర్లాకిమిడి నుంచి:
భూమి మీది గాలిని గడులుగా విభజించి, ఒక్కో గడికి లెక్క కట్టే కంప్యూటర్ వాతావరణ నమూనాలు ధ్రువప్రాంతాల్లో తడబడడానికి ఆ గడుల వెడల్పే కారణమని నా అభిప్రాయం. ఆర్కిటిక్ మీద పరుచుకొనే మబ్బు మందం చాలాసార్లు కొన్ని వందల మీటర్లకు మించదు. వంద కిలోమీటర్ల గడికి అది ఎలా చిక్కుతుంది? పెద్ద కంప్యూటర్లు సమకూర్చి, అడ్డంగానూ నిలువునా గడిని చిన్నది చేస్తే మిగిలినది దానంతట అదే సర్దుకుంటుంది.

సిమిలిగూడ నుంచి:
మాస్టారూ, నిలువు పొరల విషయంలో మీ మాట సరైనదే కానీ, "దానంతట అదే" అన్నదాన్ని ఒప్పుకోలేను. పుష్యమాసంలో ఆకాశం తేటగా ఉన్న రాత్రి, తెల్లవారేసరికి మా కళ్లంలో కుప్ప మీది టార్పాలిన్ మంచుకు తడిసి ముద్దవుతుంది. మబ్బు పట్టిన రాత్రి అదే టార్పాలిన్ పొడిగా ఉంటుంది. నేల వదిలే వేడిలో చాలా భాగాన్ని మబ్బు మళ్లీ కిందికి పంపడమే ఇందుకు కారణం. సూర్యుడే కనిపించని ఆర్కిటిక్ చలికాలంలో తిప్పికొట్టడానికి ఎండ ఉండదు కాబట్టి, అక్కడ మబ్బు చేసే పనంతా ఇదే.

1997-98లో బ్యూఫోర్ట్ సముద్రపు మంచులో ఓడను ఏడాది పాటు నిలిపి చేసిన షీబా కొలతలను చూడండి. చలికాలంలో మంచు ఉపరితలం వికిరణం ద్వారా కోల్పోయే నికర వేడి ఎక్కువగా రెండు విలువల దగ్గరే గుమిగూడింది: తేట ఆకాశం కింద చదరపు మీటరుకు సుమారు 40 వాట్లు, నీటి బిందువులున్న మబ్బు కింద దాదాపు సున్న. మైనస్ 30 డిగ్రీల చలిలోనూ ఆ బిందువులు గడ్డకట్టకుండా ఉండగలవు. చాలా నమూనాలు మాత్రం వాటిని తొందరగా మంచు స్ఫటికాలుగా మార్చేస్తాయి. స్ఫటికాలు పెరిగి రాలిపోతాయి, మబ్బు పలచబడుతుంది, కింది మంచు ఉండవలసిన దానికన్నా చల్లబడుతుంది. దక్షిణ మహాసముద్రం మీద ఇదే లోపం వేసవిలో ఎండను ఎక్కువగా లోపలికి వదులుతుంది. గడ్డకట్టడాన్ని నిర్ణయించే సూత్రమే తప్పైతే, గడిని కిలోమీటరుకు తగ్గించినా ప్రతి చిన్న గడిలోనూ అదే తప్పు జరుగుతుంది.

పర్లాకిమిడి నుంచి:
సముద్రపు మంచులో పడే పగుళ్ల సంగతి ఏమిటి? వాటి నుంచి లేచే తేమ మబ్బులకు ఆధారం, చాలా పగుళ్ల వెడల్పు కిలోమీటరు కూడా ఉండదు.

సిమిలిగూడ నుంచి:
పగుళ్లకు చిన్న గడి కావలసిందే, అది ఒప్పుకుంటున్నాను. అయితే ఆ తేమ మబ్బుగా మారాక ఎంతకాలం ద్రవంగా నిలుస్తుందన్నది, గాలిలో మంచు స్ఫటికానికి బీజమయ్యే రేణువులు ఎన్ని ఉన్నాయన్న దాని మీద చాలావరకు ఆధారపడుతుంది. 2019-20లో పోలార్‌స్టెర్న్ ఓడ మీద ఆర్కిటిక్‌లో సాగిన మోజాయిక్ పరిశోధన యాత్ర ఆ రేణువులను ఏడాది పొడవునా కొలిచింది. డబ్బు పరిమితమైనప్పుడు మొదటి వాటా అటువంటి కొలతలకే దక్కాలని నేను కోరుతున్నాను.