డివైస్ పాస్‌త్రూ: దాటవేతా, అప్పగింతా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. లినక్స్‌లో వర్చువల్ మెషీన్‌కు (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటర్) గ్రాఫిక్స్ కార్డును నేరుగా ఇవ్వడం గురించి ఇంజనీరింగ్ పిల్లలకు తెలుగులో పాఠం రాస్తున్నాను. "డివైస్ పాస్‌త్రూ" దగ్గర ఆగిపోయాను. అనువాద యాప్ "పరికరం దాటవేత" అంటోంది. ఒక మిత్రుడు "పారగమనం" అన్నాడు. ఏం రాయమంటారు?

జవాబు:
దాటవేత మాత్రం వద్దండీ. అడిగినదానికి జవాబు చెప్పకుండా తప్పించుకోవడం అది, అసెంబ్లీ వార్తలకు సరిపోతుంది. పారగమనం అంటే సైన్సు పుస్తకంలో మట్టిలోకి నీరు ఇంకే పాఠం గుర్తొస్తోంది. పాస్‌త్రూ అనే ఉంచేయండి. డ్రైవర్‌ని డ్రైవర్ అనే అంటున్నాం కదా.

ఇంకొకరు:
ఉంచితే తప్పులేదు, కానీ ఆ మాట చెప్పేది దారి గురించి. హైపర్‌వైజర్ (వర్చువల్ మెషీన్లను నడిపే సాఫ్ట్‌వేర్) అడ్డు లేకుండా గెస్ట్, అంటే ఆ వర్చువల్ మెషీన్, కార్డును చేరుతుంది, అంతవరకే. కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) డ్రైవర్‌లో జరిగేది కార్డు చేతులు మారడం. లినక్స్ కెర్నల్‌లోనే ఉండే హైపర్‌వైజర్ కేవీఎం వాళ్లు కూడా "డివైస్ అసైన్‌మెంట్" అంటూ వచ్చారు. నేనైతే "అప్పగింత" అంటాను.

జరిగేది చూడండి. హోస్ట్‌లో, అంటే అసలు కంప్యూటర్‌లో, కార్డు మామూలు గ్రాఫిక్స్ డ్రైవర్ చేతిలో ఉంటుంది. ముందు అది వదలాలి, అదే అన్‌బైండ్. తర్వాత వీఎఫ్ఐఓ-పీసీఐ డ్రైవర్ పట్టుకోవాలి. పరికరాన్ని కెర్నల్ బయటి ప్రోగ్రాముకు అందించే ఏర్పాటే వీఎఫ్ఐఓ. వీఎఫ్ఐఓ 2012లో 3.6 కెర్నల్‌తో వచ్చింది. తమాషా ఏమిటంటే ఈ డ్రైవర్‌కు గ్రాఫిక్స్ గురించి ఏమీ తెలియదు. కార్డు రిజిస్టర్లను (కార్డును నడిపించే మీటల్లాంటివి) క్యూఎము లాంటి వర్చువల్ మెషీన్ నడిపే ప్రోగ్రాము మ్యాప్ చేసుకోనిస్తుంది, ఇంటరప్ట్ (కార్డు పంపే పిలుపు) వస్తే ఈవెంట్‌ఎఫ్‌డీ అనే కెర్నల్ సంకేతం ద్వారా కబురు చేస్తుంది. కార్డుతో పని చేయించే అసలు డ్రైవర్ గెస్ట్ లోపల ఉంటుంది.

మరొకరు:
నాకో అభ్యంతరం. అప్పగింత అంటే ఇక మన చేతిలో ఏమీ లేదన్నట్టు వినిపిస్తుంది. పేపర్లలో "నేరస్థుల అప్పగింత" అంటారు, పంపేశాక ఆ దేశం చట్టమే. ఇక్కడ అలా కాదు. కార్డు డీఎంఏతో (ప్రాసెసర్ ప్రమేయం లేని దారి) మెమరీని తనంతట తానే చదువుతుంది, రాస్తుంది. అడ్డుకునేది లేకపోతే గెస్ట్ ఆ కార్డు ద్వారా హోస్ట్ మెమరీలో ఎక్కడైనా రాసేయగలదు. ఆపేది ఐఓఎంఎంయూ, పరికరాలు మెమరీలో ఎక్కడికి వెళ్లవచ్చో చూసే హార్డ్‌వేర్. ఇంటెల్‌లో వీటీ-డీ, ఏఎండీలో ఏఎండీ-విఐ. గెస్ట్ ఇచ్చిన అడ్రసును అసలు అడ్రసుగా మార్చే ఆ పట్టికలు హోస్ట్ కెర్నల్ దగ్గరే ఉంటాయి. గెస్ట్ ఆగిపోతే కార్డును రీసెట్ చేసి వెనక్కి తీసుకునేదీ హోస్టే (కొన్ని కార్డులు రీసెట్‌కు లొంగవు, ఆ టెన్షన్ వేరే). ఇది కౌలు వ్యవహారం: సాగు కౌలుదారుది, పట్టా ఆసామిది.

అప్పగింత అన్నవారు:
కౌలు పాఠంలో వివరించడానికి బాగుంటుంది. మాటగా కష్టం. "కార్డు కౌలుకిచ్చాం" అంటే క్లౌడ్ కంపెనీ అద్దె లెక్క అనుకుంటారు. పైగా అప్పగించడంలో వదులుకోవడం తప్పనిసరి కాదండీ. "తాళాలు పక్కింటివాళ్లకు అప్పగించి ఊరెళ్లాం" అంటే ఇల్లు వాళ్లదైపోలేదుగా? పెళ్లిలో మాత్రం బహువచనం, అప్పగింతలు. మనది ఏకవచనం కాబట్టి ఎవరూ ఏడవక్కర్లేదు.

ప్రశ్న వేసినవారు:
బాగుంది. మరి ఐఓఎంఎంయూ గ్రూపును ఏమనాలి? కార్డుతోపాటు దాని హెచ్‌డీఎంఐ ఆడియో కూడా అందులోనే కనిపిస్తోంది.

జవాబు:
గ్రూపు అనే అనండి. "సమూహం" అంటే ఊరికే కలిసి ఉన్నవి అనుకుంటారు. ఇది ఒకదాన్నుంచి ఒకటి విడదీసి కాపాడలేని పరికరాల కూర్పు. పీసీఐ బ్రిడ్జిలను (పరికరాల దారులను కలిపే చిప్‌లు) పక్కనపెడితే, ఒకటి గెస్ట్‌కు వెళ్లాక మిగతావేవీ హోస్ట్‌లో మామూలు డ్రైవర్‌తో నడవకూడదు. ఆడియోను కూడా వీఎఫ్ఐఓకి ఇవ్వాల్సిందే. పేరు కంటే ఈ నియమం రాయడం ముఖ్యం.

ప్రశ్న వేసినవారు:
అయితే ఇలా రాస్తున్నాను: "పరికర అప్పగింత (పాస్‌త్రూ): హోస్ట్ కెర్నల్ ఒక పరికరాన్ని తన డ్రైవర్ నుంచి విడిపించి, పూర్తిగా గెస్ట్ అధీనంలోకి ఇవ్వడం."

మరొకరు:
"పూర్తిగా" తీసేయండి. "అధీనం" బదులు "వాడకం" పెట్టండి. చివర్లో "ఐఓఎంఎంయూ కాపలాలో" అని చేర్చండి. అప్పుడు అప్పగింతకు నా ఓటు కూడా.