చార్జర్ ప్లగ్ పీకితే వాతావరణం చక్కబడుతుందా?

గోదావరిగట్టు: హిమాలయాల్లో హిమనదాలు 2035కల్లా కరిగిపోవచ్చని ఐపీసీసీ (వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం) 2007 నివేదికలో రాసింది. అది తప్పని 2010 జనవరిలో వాళ్లే ఒప్పుకున్నారు. ఇప్పుడేమో పొదుపు సలహాలిచ్చేవాళ్లు చార్జర్ పీకండి, ఏసీ 24లో పెట్టండి, భూమిని కాపాడండి అంటున్నారు. ఏసీలో ఒక్కో డిగ్రీ పెంచితే 6 శాతం కరెంటు ఆదా అన్నదీ అలాంటి లెక్కే అనిపిస్తోంది.

వాట్‌లెక్క: చార్జర్ విషయంలో మీ మాటే నా మాట. ఫోన్ తగిలించని మంచి చార్జర్ 0.1 వాట్ లాగుతుంది, ఏడాదంతా వదిలేసినా ఒక్క యూనిట్ కాలదు. అదే టీవీ కట్టేసి సెట్‌టాప్ బాక్స్ వదిలేస్తే, 10 వాట్లు లాగే బాక్సు ఏడాదికి 87 యూనిట్లు తింటుంది. చిన్నదాన్ని పట్టుకొని పెద్దదాన్ని వదిలేయించే సలహా అంటేనే నాకు కోపం. కానీ 2035 అన్నది ఒక పేరాలో దొర్లిన తప్పు. హిమనదాలు కరగడం మాత్రం నిజమే కదండీ.

కూలింగ్‌పని: 6 శాతం అన్నది బీఈఈ (కరెంటు పొదుపు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) చెప్పే ఉజ్జాయింపు. బయట 40 ఉన్నప్పుడు 20 నుంచి 24కు మారిస్తే గోడల్లోంచి వచ్చే వేడి అయిదో వంతు తగ్గుతుంది. రాత్రి బయట 30 ఉంటే అదే మార్పుకు 40 శాతం తగ్గుతుంది. విజయవాడ ఉక్కపోతలో చిక్కు వేరు: పాతరకం ఏసీని 27లో పెడితే కంప్రెసర్ ఎక్కువసేపు ఆగిపోయి తేమ గదిలోనే ఉండిపోతుంది. 26లో పెట్టి ఫ్యాను వేసుకోవాలి.

గోదావరిగట్టు: శాతం పెరిగిందే గానీ రెండుసార్లూ తగ్గింది 4 డిగ్రీల పాటి వేడే. శాతాలతో ఊరించడమంటే ఇదే. యూనిట్లలో చెప్పండి. బీఎల్‌డీసీ ఫ్యాన్ల (తక్కువ కరెంటు లాగే బ్రష్‌లెస్ మోటారువి) ప్రకటనలూ అంతే, మామూలు ఫ్యాను 75 వాట్లు లాగే చోట తమది 30 అంటారు. ఆ 75 ఫుల్ స్పీడులోనే.

వాట్‌లెక్క: యూనిట్లలోనే చూద్దాం. ఫుల్ స్పీడులో రోజుకు 15 గంటలు తిరిగితే 45 వాట్ల తేడాకు 0.675 యూనిట్, 300 రోజులకు 200 పైచిలుకు. ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్‌తో రెండో నంబర్లో తిప్పే ఇంట్లో ఇంత రాదు, ఒప్పుకుంటాను. పాత డబ్బా రెగ్యులేటరైతే తగ్గించిన స్పీడులో కొంత కరెంటు వేడిగా పోతుంది. రిమోట్‌తో వచ్చే బీఎల్‌డీసీ బిగించేటప్పుడు రెగ్యులేటర్ తీసేసి స్విచ్ నుంచి నేరుగా వైరు ఇవ్వాలి. అది మధ్యలో ఉంటే ఫ్యానులోని బోర్డుకు సరఫరా సరిగా అందదు, ఆగి ఆగి తిరుగుతుంది, బోర్డు పోయే ప్రమాదమూ ఉంది. బోర్డు మార్చాల్సి వస్తే ఆదా అంతా దానికే సరి. అందుకే వారంటీ ఎన్నేళ్లో చూసి కొనాలి.

గోదావరిగట్టు: మరి రోజుకు రెండు గంటలు తిరిగే హాల్ ఫ్యాను?

వాట్‌లెక్క: దాన్ని మార్చకండి. ముందు పడకగదిది మార్చండి.