వేగంతో పాటు పెరిగే ఈల, స్పీడ్ బ్రేకర్ మీద టక్కుమనే శబ్దం: విద్యుత్ కారుకు సరైన మరమ్మతు చేయించుకోవడం ఎలా?

ప్రశ్న: బెజవాడ వాసి

అందరికీ నమస్కారం. మాది విజయవాడ. ముందు చక్రాలను మోటారు నడిపే మధ్యతరహా విద్యుత్ కారు మా ఇంట్లో ఉంది. కొని రెండేళ్లు దాటింది. బ్యాటరీకి, మోటారుకు 8 ఏళ్ల వారంటీ ఉన్నప్పటికీ, మిగతా భాగాలకు ఇచ్చిన మూడేళ్ల వారంటీ మరికొద్ది నెలల్లో ముగుస్తుంది. అందుకే ఈ ప్రశ్నను ఆలస్యం చేయకుండా అడుగుతున్నాను.

వర్షాకాలం తరవాత కారులో మూడు రకాల శబ్దాలు మొదలయ్యాయి. నెమ్మదిగా వెళుతూ స్పీడ్ బ్రేకర్ గాని గుంత గాని దాటినప్పుడు ముందు ఎడమ వైపు నుంచి టక్కుమని వినిపిస్తుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగం దాటాక సన్నని ఈల లాంటి శబ్దం మొదలై, వేగంతో పాటే దాని స్థాయి కూడా పెరుగుతుంది. ఉదయం బండి తీసి మొదటిసారి బ్రేకు తొక్కినప్పుడు గరగరమంటుంది. వీటికి తోడు, ఎప్పుడో ఒకసారి మీటరులో విద్యుత్ వ్యవస్థను తనిఖీ చేయించమనే హెచ్చరిక వెలిగి, బండి ఆపి మళ్లీ ఆన్ చేస్తే పోతుంది.

సర్వీస్ సెంటర్‌లో అడ్వైజర్ ఎదురుగా ఉన్న రోడ్డు మీద కొద్ది దూరం నడిపి, విద్యుత్ కార్లలో ఇవన్నీ మామూలేనని చెప్పి, జాబ్ కార్డులో జనరల్ చెకప్ అని మాత్రమే రాసి బండి తిరిగి ఇచ్చారు. మేము అమ్మా నాన్నలతో 65వ నంబరు జాతీయ రహదారి మీద తరచుగా హైదరాబాద్ వెళుతుంటాం కనుక, వీటిలో ఏది ప్రమాదకరమో, ఏది కాదో తెలియకుండా ప్రయాణించడానికి మనసు ఒప్పడం లేదు. ఏ శబ్దం ఎక్కడి నుంచి వస్తోందో మేమే కొంతవరకు గుర్తించగలమా? సర్వీస్ సెంటర్ వారి చేత పని చేయించడానికి ఏమి రాయించాలి? వారు కాదంటే తరవాత దారి ఏమిటి?

జవాబు: బోయిన్‌పల్లి మెకానిక్

నమస్కారమండి. నేను సస్పెన్షన్, బ్రేకుల పని చేస్తాను. కొంతకాలంగా మా దగ్గరకు విద్యుత్ కార్లు కూడా ఎక్కువగా వస్తున్నాయి. ఇంజన్ రొద లేకపోవడం వల్ల పెట్రోలు బండిలో వినపడని చిన్న చప్పుళ్లు ఇందులో వినపడతాయన్నది నిజమే. అయితే కొన్నప్పుడు లేని శబ్దం రెండేళ్ల తరవాత పుట్టిందంటే ఏదో ఒక భాగం అరిగింది, వదులైంది, లేదా తుప్పు పట్టింది. అటువంటి దాన్ని మామూలు అనడాన్ని నేను ఒప్పుకోను.

ముందుగా ఆ టక్కుమనే శబ్దం సంగతి చూద్దాం. ఈ కార్లలో బ్యాటరీ బరువే రెండు వందల కిలోలకు పైమాట. ఆ భారమంతా సస్పెన్షన్ మీద పడుతుంది కనుక మన రోడ్ల మీద లింక్ రాడ్లు (ఎడమ, కుడి చక్రాలను కలిపే బార్ చివర ఉండే చిన్న కడ్డీలు), లోయర్ ఆర్మ్ బుష్‌లు (చక్రాన్ని పట్టి ఉంచే కింది ఆర్మ్ కీళ్లలోని రబ్బరు తొడుగులు) త్వరగా దెబ్బతింటాయి. మీరు చేయగలిగిన పరీక్ష ఒకటి ఉంది. రద్దీ లేని చోట ఒకే స్పీడ్ బ్రేకర్‌ను ఒకసారి రెండు ముందు చక్రాలూ కలిసి ఎక్కేలాగా, మరోసారి రోడ్డు అంచున ఎడమ చక్రం మాత్రమే ఎక్కేలాగా నెమ్మదిగా దాటండి. రెండు చక్రాలూ కలిసి పైకి లేచినప్పుడు వాటిని కలిపే స్టెబిలైజర్ బార్ దాదాపుగా మెలి తిరగదు. ఒక్క చక్రమే లేచినప్పుడు బాగా మెలి తిరిగి లింక్ రాడ్డును లాగుతుంది. కాబట్టి ఒక్క చక్రం ఎక్కినప్పుడే టక్కుమంటే మొదట లింక్ రాడ్డును అనుమానించాలి. రెండు సందర్భాల్లోనూ ఒకేలా వినిపిస్తే స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి ఉండే భాగం) పైన ఉండే మౌంటును, లోయర్ ఆర్మ్ బుష్‌ను, చక్రాన్ని ఆర్మ్‌కు కలిపే బాల్ జాయింటును చూడాలి. బండి నిలిపి ఉంచి స్టీరింగ్‌ను ఒక చివర నుంచి మరో చివరకు తిప్పినప్పుడు స్ప్రింగు టంగుమని విడిపడినట్టు వినిపిస్తే స్ట్రట్ మౌంటు బేరింగు మీద అనుమానం ఇంకా బలపడుతుంది.

వీటిలో లింక్ రాడ్డు అరిగితే చప్పుడు చిరాకు పెడుతుంది, మలుపుల్లో బండి కాస్త ఎక్కువ ఒరుగుతుంది, అంతకు మించి భయం లేదు. బాల్ జాయింటు మాత్రం అలా కాదు. అది పూర్తిగా అరిగి ఊడితే చక్రం పక్కకు పడిపోతుంది. అందువల్ల హైవే మీదకు వెళ్లే ముందే దాన్ని చూపించండి. పరీక్షించేటప్పుడు చక్రాలు గాలిలో వేలాడే లిఫ్టు మీద చూసి వదిలేయనివ్వకండి. వేలాడుతున్నప్పుడు లింక్ రాడ్డు మీద పడే భారం మారిపోయి, వదులు ఉన్నా తెలియకపోవచ్చు. చక్రాలు ఆని నిలబడే లిఫ్టు మీద ఉంచి, ఒకరు బండిని ఊపుతుండగా మరొకరు కింద లింక్ రాడ్డు మీద చేయి పెట్టి చూస్తే ఆ అదురు చేతికే తెలుస్తుంది. బాల్ జాయింటుకు మాత్రం ప్రై బార్‌తో (మీటలా వాడే ఇనుప కడ్డీతో) ఆర్మ్‌ను కదిపి చూడవలసిందే. ఇదే సమయంలో అడుగున ఉండే ప్లాస్టిక్ షీల్డు క్లిప్పులు కూడా చూడమనండి. వర్షాకాలంలో నీళ్ల గుంతలు దాటాక అవి ఊడి కొట్టుకుంటున్న బండ్లు మా దగ్గరకు చాలానే వస్తాయి.

ఉదయం బ్రేకు గరగరకు కారణం చాలావరకు తుప్పే. కాలు తీయగానే మోటారే బండిని నెమ్మదింపజేస్తూ బ్యాటరీకి కరెంటు పంపుతుంది (దీన్నే రీజెన్ అంటారు) కనుక బ్రేకు ప్యాడ్లకు పని తక్కువ. రాత్రి తేమకు డిస్కు మీద పట్టిన పొర త్వరగా పోదు. రీజెన్‌ను తక్కువ స్థాయిలో పెట్టి, వెనక బండ్లు లేనప్పుడు కొన్నిసార్లు కాస్త గట్టిగా బ్రేకు వేస్తే శబ్దం పోవాలి. అయినా పోకపోతే ప్యాడ్లను డిస్కుకు నొక్కే క్యాలిపర్ పిన్నులు బిగుసుకున్నాయేమో విప్పించి శుభ్రం చేయించాలి.

హెచ్చరిక దీపం విషయంలో నేను చెప్పగలిగింది కొంతే. నారింజ రంగు కేబుళ్లు ఉన్న ఏ భాగాన్నీ బయట మెకానిక్ చేత ముట్టించకండి. వాటిలో 300 వోల్టులకు పైగా ఉంటుంది, బండి ఆపిన తరవాత కూడా, బ్యాటరీ కరెంటును మోటారుకు అనువుగా మార్చే ఇన్వర్టర్‌లోని కెపాసిటర్లలో కొంతసేపు నిలిచి ఉంటుంది. దానికి శిక్షణ పొందిన వారే చూడాలి. అయితే చిన్న 12 వోల్టుల బ్యాటరీని మాత్రం ఎవరైనా పరీక్షించవచ్చు. రాత్రంతా ఆపి ఉంచిన బండిలో అది 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. 12.2 కంటే తగ్గితే సగం ఖాళీ అయిందని అర్థం. అది బలహీనపడితే కంప్యూటర్లు ఒకదానితో ఒకటి సరిగా మాట్లాడుకోలేక సంబంధం లేని హెచ్చరికలు చూపిస్తాయి.

జవాబు: దంతచక్రం (పుణె)

పై జవాబుతో ఏకీభవిస్తున్నాను. ఆ ఈల గురించి మాత్రం కొంత చెప్పాలి, ఎందుకంటే నేను పనిచేసేది గేర్‌బాక్సుల రూపకల్పనలో.

మీ కారులో గేర్లు మార్చుకునే అవసరం లేకపోయినా, మోటారు వేగాన్ని తగ్గించే రిడక్షన్ గేర్ ఒకటి ఉంటుంది. ఆ తగ్గింపు దాదాపు తొమ్మిది నుంచి పది రెట్లు అనుకోవచ్చు. చక్రం చుట్టుకొలత సుమారు 2 మీటర్లు కనుక గంటకు 60 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు ఎనిమిది చుట్లకు కొంచెం పైగా, మోటారు సుమారు 75 చుట్లు తిరుగుతాయి. మోటారు షాఫ్టు మీది చిన్న గేరుకు 20 పళ్లు ఉన్నాయనుకుంటే పళ్లు కలిసే శబ్దం 1500 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. మన చెవి సులభంగా పట్టుకునే స్థాయి అది. అందుచేత ఈ రకం ఈల కొద్దిగా ఉండడం సహజమే. కొత్తగా మొదలవడమో, క్రమంగా పెరగడమో మాత్రం సహజం కాదు.

దీనికి మూలం గేరా, బేరింగా, టైరా అన్నది ఇంట్లోనే కొంత తేల్చవచ్చు. ఖాళీ రోడ్డు మీద ఒకే వేగం దగ్గర మూడు స్థితుల్లో వినండి: యాక్సిలరేటర్ నొక్కుతూ, కాలు తీసి రీజెన్ పనిచేస్తుండగా, రీజెన్‌ను సున్నాకు పెట్టి బండి దానంతట అది పరుగెత్తుతుండగా. నొక్కినప్పుడు, రీజెన్‌లో ఉన్నప్పుడు శబ్దం ఉండి, భారం లేనప్పుడు దాదాపు మాయమైతే అది గేరు పళ్ల నుంచి వస్తోంది. మూడింటిలోనూ ఒకేలా ఉంటే బేరింగు గాని టైరు గాని అయి ఉండాలి. తారు రోడ్డు నుంచి సిమెంటు రోడ్డుకు మారగానే స్వరం మారితే టైరు. ఎడమకు, కుడికి మెల్లగా వాలుగా నడిపినప్పుడు ఒక వైపు పెరిగి మరో వైపు తగ్గితే చక్రం బేరింగు. టైరు పట్టీల మీద అరచేతిని ముందుకు, వెనక్కు రాసి చూడండి. ఒక దిశలో నునుపుగా, మరో దిశలో రంపం పళ్లలా తగిలితే, చక్రాల కోణాలు సరిచేసే అలైన్‌మెంట్, ముందు వెనక టైర్ల చోటు మార్పిడి చేయించకుండా గేర్‌బాక్సును అనుమానించడం తొందరపాటే అవుతుంది.

శబ్దం వేగంతో మారకుండా ఒకే స్వరంలో ఉంటే అది తిరిగే భాగాల నుంచి కాదు. ఏసీ కంప్రెసర్, కూలెంట్ పంపు, ఇన్వర్టర్ స్విచింగ్ అటువంటివి. ఏసీ ఆపి చూస్తే వీటిలో ఒకటి వెంటనే తేలిపోతుంది.

మోటారు బేరింగుల విషయంలో విద్యుత్ కార్లకే ప్రత్యేకమైన ఒక సమస్య ఉంది. ఇన్వర్టర్ అతి వేగంగా స్విచ్ చేయడం వల్ల షాఫ్టు మీద పుట్టే వోల్టేజి, బేరింగు గుండా భూమికి చేరే దారి వెతుక్కుంటూ చిన్న చిన్న నిప్పురవ్వలతో దాని లోపలి గాడులను గుంటలు పడేలా తినేస్తుంది. దీన్ని అడ్డుకోవడానికి షాఫ్టుకు గ్రౌండింగ్ రింగు గాని, విద్యుత్ ప్రవహించని సిరామిక్ బేరింగులు గాని వాడతారు. ఇది నెలల తరబడి పెరుగుతుంది కనుక శబ్దంలోని స్వరాలను విడదీసి చూపే, ఫోనులో ఉచితంగా దొరికే స్పెక్ట్రం యాప్‌తో, ఒకే వేగం దగ్గర, కిటికీలు మూసి, ఏసీ ఆపి, ఇప్పుడు ఒక రికార్డింగు, నెల తరవాత మరొకటి తీసి పోల్చండి. పక్క సీటులో వేరొకరు ఫోను పట్టుకోవాలి. నడిపేవారు ఫోనుతో ఈ పని చేయకూడదు.

ఇంకో మాట. మీ కారు మోడలే ఉన్న మరొకరి బండిలో అదే రోడ్డు మీద అదే పరీక్ష చేయగలిగితే, మామూలే అన్న మాటకు అంతకంటే బలమైన జవాబు ఉండదు.

జవాబు: గుంటూరు న్యాయవాది

శబ్దాల గురించి పై ఇద్దరూ చెప్పారు. నేను కాగితాల గురించి చెబుతాను, ఎందుకంటే వినియోగదారుల కమిషన్‌లో శబ్దం వినిపించదు, రాత మాత్రమే కనిపిస్తుంది.

జాబ్ కార్డులో జనరల్ చెకప్ అని ఉన్నంతకాలం మీరు శబ్దం గురించి ఫిర్యాదు చేసినట్టే లెక్క కాదు. ఈసారి వెళ్లినప్పుడు ప్రతి శబ్దాన్నీ వేగం, రోడ్డు, భారంతో సహా మీ మాటల్లోనే రాయించండి. వారు రాయకపోతే అదే విషయాన్ని ఆ రోజే డీలరుకు, తయారీ సంస్థకు ఈమెయిల్ పంపండి. హెచ్చరిక వెలిగినప్పుడు కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్‌ల స్కాన్ రిపోర్టు ప్రతిని, అవి చెరిపివేయక ముందే, అడిగి తీసుకోండి. ఇది సహజ లక్షణం అని వారు అంటే ఆ మాటను కారణంతో సహా రాతలో ఇవ్వమనండి. రాయవలసి వచ్చినప్పుడు చాలా చోట్ల బండిని మళ్లీ ఒకసారి పరీక్షించడం చూశాను. వారంటీ ముగియక ముందే నమోదైన ఫిర్యాదుకు, ముగిసిన తరవాత చేసిన ఫిర్యాదుకు మధ్య ఉన్న తేడా చాలా పెద్దది కనుక ఈ పని ఈ వారంలోనే చేయండి.

రీకాల్ ఉందో లేదో కూడా చూసుకోండి. 2024 జూన్‌లో హ్యుందాయ్ సంస్థ మన దేశంలో 1,744 అయానిక్ 5 కార్లను, చార్జింగ్ నియంత్రించే యూనిట్‌లో లోపం వల్ల 12 వోల్టుల బ్యాటరీ ఖాళీ అయ్యే అవకాశముందని వెనక్కి పిలిచి తనిఖీ చేసింది. అటువంటి పిలుపులు చాసిస్ నంబరు ఆధారంగానే జరుగుతాయి. తయారీ సంస్థ వెబ్‌సైటులో మీ నంబరు ఇస్తే తెలుస్తుంది. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో చేరిన 110ఎ సెక్షన్, లోపమున్న వాహనాలను వెనక్కి పిలిపించమని ఆదేశించే అధికారం కేంద్రానికి ఇచ్చింది.

ఇవేవీ ఫలించకపోతే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేయండి. అప్పటికీ కాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. బండి కొన్న ఊరికి వెళ్లనక్కర్లేదు. మీరు చెల్లించిన ధర 50 లక్షల రూపాయలకు మించనంత వరకు జిల్లా కమిషనే వింటుంది. డీలరును, తయారీ సంస్థను ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. లేకపోతే ఒకరి మీద ఒకరు నెట్టుకుంటారు. పరీక్ష లేకుండా తేలని లోపమైతే 38వ సెక్షన్ కింద కమిషన్ తగిన ప్రయోగశాలకు పంపగలదు. గడువు, వివాదం పుట్టిన నాటి నుంచి రెండేళ్లు.

బెజవాడ వాసి

ముగ్గురికీ కృతజ్ఞతలు. మీరు చెప్పిన పరీక్షలు చేశాం. ఎడమ చక్రం ఒక్కటే ఎక్కినప్పుడు టక్కుమంటోంది, రెండూ కలిసి ఎక్కినప్పుడు లేదు. కాలు తీసి రీజెన్‌ను సున్నాకు పెట్టినా ఈల తగ్గలేదు, కానీ సిమెంటు రోడ్డు మీద స్వరం స్పష్టంగా మారింది. ముందు టైర్ల లోపలి అంచు రంపం పళ్లలాగే చేతికి తగిలింది. 12 వోల్టుల బ్యాటరీ ఉదయం 12.1 చూపించింది. ఇవన్నీ ఈమెయిల్‌లో రాసి పంపితే, బండిని తీసుకురమ్మని సర్వీస్ మేనేజరే ఫోన్ చేశారు. వారిని ఏ వరుసలో పని చేయమనాలి?

బోయిన్‌పల్లి మెకానిక్

మొదట 12 వోల్టుల బ్యాటరీకి లోడ్ టెస్ట్ (భారం పెట్టి చూసే పరీక్ష) చేయించి, కోడ్‌ల ప్రతి తీసుకున్నాకే దాన్ని మార్చమనండి. ఆ తరవాత ఎడమ లింక్ రాడ్డు మార్చి, బాల్ జాయింట్లు, బుష్‌లు చూసి, చివరగా అలైన్‌మెంట్ చేయించండి. సస్పెన్షన్ భాగాలు మార్చకముందు చేసిన అలైన్‌మెంట్ వృథా అవుతుంది. రంపం పళ్లు పడిన ముందు టైర్లను వెనక్కి వేయించినా ఈల పూర్తిగా పోదు, వెనక నుంచి వినిపిస్తుంది. అలా చోటు మారితే టైరే కారణమని రుజువైనట్టు. మారకపోతే మాత్రం గేర్ ఆయిల్ దింపి, అందులో లోహపు పొడి ఉందేమో మీ ఎదురుగా చూపించమనండి.