చెట్లు కొట్టినా సీతాకోకచిలుకల జాతులు తగ్గలేదంటే నష్టం లేనట్టేనా?

ప్రశ్న: బోర్నియో దీవిలోని దానుమ్ వ్యాలీ అడవి మీద ఎమ్మెస్సీ సెమినార్ ఇవ్వాలి. కలప కోసం చెట్లు ఏరి కొట్టిన అడవిలో పదేళ్ల తర్వాత చూస్తే సీతాకోకచిలుకల జాతుల వైవిధ్యం పెద్దగా తగ్గలేదని 2003లో హేమర్, హిల్ బృందం రాసింది. మరి నష్టం ఎక్కడ? సార్ అడుగుతారేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు 1: సంఖ్య పక్కన పెట్టి ఏ జాతులున్నాయో చూడండి. వెలుతురు ఇష్టపడేవి, చాలా దేశాల్లో దొరికేవి లాభపడ్డాయి. నీడలోనే బతికేవి, ఆ ప్రాంతం దాటి కనిపించనివి దెబ్బతిన్నాయి. అసలు కథ ఇదే. మెలానిటిస్ లెడా అనే సీతాకోకచిలుక సంగతి చూడండి, ఆఫ్రికా నుంచి ఆస్ట్రేలియా దాకా ఉంది. దాని గొంగళిపురుగు గడ్డి, వరి ఆకు తింటుంది. మా కోనసీమలో పొద్దుగూకే వేళ చేలగట్ల మీద, రెక్కలు మూసుకుని అచ్చం ఎండుటాకులా వాలి ఉంటుంది. అలాంటిది ఒకటి వచ్చి, బోర్నియోలో తప్ప ఎక్కడా లేనిది ఒకటి పోతే లెక్క సరిపోతుంది. పోయినదాన్ని ఎక్కడి నుంచి తెస్తాం చెప్పండి!

జవాబు 2: లెక్కపెట్టడానికి వాటిని పట్టే ఉచ్చు గురించి కూడా చెప్పండి. గొట్టంలా కుట్టిన వల, కింద పళ్లెంలో కుళ్లిన అరటిపండు. తిన్నాక సీతాకోకచిలుక పైకే ఎగురుతుంది, అందుకే చిక్కుతుంది. పండ్ల రసం తాగేవే వస్తాయి, పూతేనె మీద బతికేవి లెక్కలోకి రావు.

ప్రశ్న అడిగినవారు: థాంక్స్ అండీ. మరి కొన్ని పేపర్లలో వైవిధ్యం పెరిగిందనీ ఉందే?

జవాబు 1: ఎంత విస్తీర్ణంలో లెక్కపెట్టారో చూడండి. చిన్న చిన్న చోట్ల చూస్తే పెరిగినట్టు, పెద్ద విస్తీర్ణంలో చూస్తే తగ్గినట్టు తేలుతుందని 2000లో ఆ హేమర్, హిల్ వాళ్లే చూపించారు.