డిస్క్ కాదట, ఇప్పుడు ఎక్కడ చూపించాలి?

మాది అనంతపురం. మా ఆయనకు 34 ఏళ్లు, బోరు మోటార్లు రిపేరు చేస్తారు. నడుము నొప్పి అంటే రెండేళ్లుగా ‘డిస్క్ జారింది, రెస్టు తీసుకో’ అన్నారు. బెల్టు, ట్రాక్షను, ఇంజెక్షన్లు అన్నీ అయ్యాయి. పడుకుంటే ఎక్కువవుతోంది, నడిస్తే తగ్గుతోంది అని ఈయన ప్రతిసారీ చెప్పారు. బయట యాభై మంది లైన్లో ఉంటే వినే తీరిక ఎవరికుంది? పొద్దున మంచం పట్టె పట్టుకుని పక్కకు దొర్లి లేవడానికే పావుగంట. చెప్పుల బకిల్ నేనే పెడతాను. అప్పుడు నా ముఖం వైపు చూడరు.

పోయిన నెల బెంగళూరులో ఒక డాక్టరు హెచ్‌ఎల్‌ఏ బి27 రక్తపరీక్ష, నడుము కింది కీళ్లకు ఎంఆర్‌ఐ చేయించి యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ (వెన్నెముక, నడుము కింది కీళ్లు వాచి బిగుసుకుపోయే జబ్బు) అన్నారు. మాత్రలతో తగ్గకపోతే ఆ వాపును అణిచే బయోలాజిక్ ఇంజెక్షన్లట. ధర వినగానే కాళ్లు చల్లబడ్డాయి.

కర్నూలు పెద్దాసుపత్రిలోగానీ తిరుపతి స్విమ్స్‌లోగానీ రుమటాలజీ (కీళ్లవాతం జబ్బుల) ఓపీ ఉందా, ఏ రోజుల్లో? ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఈ ఇంజెక్షన్లు ఎవరికైనా ఇచ్చారా? వ్యాయామం మానొద్దని డాక్టరు గట్టిగా చెప్పారు, మా అత్తమ్మేమో ‘కదలొద్దు నాయనా’ అంటూనే ఉంది. మీ ఇళ్లలో పెద్దవాళ్లకు ఎలా నచ్చజెప్పారు?