సమస్య: “సున్న వచ్చెనంచుఁ జూచి మురిసె”

నిర్వహణ, హనుమకొండ: ఆటవెలది నాలుగో పాదమిది. సు–జూ యతి. సున్న వస్తే మురిసేదెవరు? వర్గ సమీకరణపు (ఏఎక్స్² + బిఎక్స్ + సీ = 0) గ్రాఫు, మూలాల తీరు చెప్పే విచక్షణి (బి² − 4ఏసీ) ఆధారంగా పూరించండి.

జనగామ సభ్యురాలు:
వక్రరేఖ వచ్చి వాలె నక్షము మీద
నొక్క చోటఁ దాకి యూరకుండె
వేరు వేరు గాక విలువ యొక్కటె, బాల
సున్న వచ్చెనంచుఁ జూచి మురిసె

నిర్వహణ: బాగుందక్కా. “వేరు”లో మూలం అనే శ్లేష చక్కగా ఒదిగింది. “దాకి యూరకుండె” అన్నదే అసలు బలం. ఒక్కచోట కలిస్తే చాలదు, సరళరేఖ కూడా ఒక్కచోటే కోస్తుంది. పరావలయం (వర్గ సమీకరణపు వక్రరేఖ) అక్షాన్ని దాటకుండా తాకాలి.

కాజీపేట సభ్యుడు:
మూలమొకటి లేక ముట్టక యక్షమున్
గీత పైకి లేచి కేలు సాచె
దాన నింక బాల తన విచక్షణి యందు
సున్న వచ్చెనంచుఁ జూచి మురిసె

నిర్వహణ: గణాలు, యతులు సరిపోయినయి తమ్మీ, లెక్క తప్పింది. ముట్టకపోతే విచక్షణి సున్న కాదు, రుణాత్మకం. ఎక్స్² − 4ఎక్స్ + 5 గీయి: 16 − 20 = −4. శీర్షం (గీత మలుపు తిరిగే బిందువు) ఎత్తు −విచక్షణి/4ఏ, అంటే 1. అక్షానికి ఒక యూనిట్ పైన ఆగుతది. ఏ రుణాత్మకమైతే గీత మొత్తం అక్షం కిందే ఉంటది, “పైకి లేచి” అప్పుడు పొసగదు. సున్న అయ్యేది వాస్తవ మూలాల సంఖ్య. పదో తరగతిలో పిల్లలు తడబడేదీ ఇక్కడే. మూడో పాదం ఇట్ల మార్చు: “మూలసంఖ్య బాల ముందుగా లెక్కించి”. సంకీర్ణ మూలాలుంటయి కాబట్టి మొదటి పాదంలోనూ “వాస్తవ” అన్న మాట పట్టించాలె, అది నీకే వదిలేస్తున్న.

కరీంనగర్ సభ్యుడు:
నాల్గు నాల్గులందు నాల్గు నాల్గులు వోవ
మిగుల దేమి యనుచు మెల్లఁ జెప్పి
యక్షమందు రెంట నంటు శీర్షముఁ గని
సున్న వచ్చెనంచుఁ జూచి మురిసె

జనగామ సభ్యురాలు: ఎక్స్² − 4ఎక్స్ + 4 అంతా పద్యంలో కూర్చున్నది! కాని మురిసిందెవరు? కర్త లేడు. “కని”, “చూచి” పునరుక్తి. “నంటు శీర్షము; బాల” అంటే రెండూ తీరుతయి. బి −4 కదా, కుండలీకరణం లేకుండా −4² రాస్తే −16 వచ్చి విచక్షణి −32 అయితది. జాగ్రత్త.

నిర్వహణ: ఇంకొకటి. చివరి 4 బదులు 4.1 పెడితే విచక్షణి −0.4, శీర్షం ఎత్తు 0.1. సెంటీమీటరుకు ఒక యూనిట్ తీసుకుంటే అది ఒక్క మిల్లీమీటరే. మొద్దు పెన్సిల్‌తో గీస్తే అంటినట్టే కనిపిస్తది. 3.9 పెడితే మూలాలు 1.68, 2.32 దగ్గర విడిపోతయి. గ్రాఫు చూసి మురిసేముందు బి² − 4ఏసీ కట్టి చూడాలె.